తార్నాక గోడకు అటూ ఇటూ

సికింద్రాబాద్ ఈస్ట్‌లో మెట్రో ఎక్కితే మెట్టుగూడ తర్వాతి స్టేషను తార్నాక. ఇక్కడ దిగేవాళ్లను కాసేపు గమనిస్తే రెండు తరాలు విడివిడిగా కనిపిస్తాయి. వీపున సంచీ, చేతిలో పోటీ పరీక్షల పుస్తకంతో రెండేసి మెట్లు దూకుతూ దిగిపోయే కుర్రకారు ఒకవైపు, మందుల కవరు పట్టుకుని లిఫ్టు కోసం ఓపిగ్గా నిలబడ్డ పెద్దవాళ్లు ఇంకోవైపు. కిందికి దిగాక కుర్రాళ్లు ఉస్మానియా దారి పడతారు. పెద్దవాళ్లు నంబర్లు వేసిన వీధుల్లోకి తిరుగుతారు. నేను విజయవాడ నుంచి వచ్చింది ఈ రెండోవాళ్ల కోసం.

ఆసుపత్రిలో పడుకోవాల్సినంత జబ్బేమీ లేదు, కానీ స్నానానికి ఒకరి చెయ్యి కావాలి. వంట చేసుకోలేరు. మాత్రలు వేసుకున్నామో లేదో గుర్తుండదు. రాత్రి లేస్తే పడిపోతామేమోనని భయం. ఇలాంటి వాళ్లకు తోడుండి రోజు గడిపించే ఇళ్లు హైదరాబాద్‌లో పెరుగుతున్నాయి. అసిస్టెడ్ లివింగ్ అంటున్నారు. మా ఊళ్లోనూ వాటి ప్రకటనలు కనిపిస్తున్నాయి. ప్రకటనలో తోట, నవ్వే ముఖాలు, తెల్లటి పక్కలు ఉంటాయి. ఆ పక్కల మీద పడుకున్న మనిషి రోజు ఎలా గడుస్తుందో, ఇంటిని నడిపేవాళ్లు ఏ పాట్లు పడతారో చూడాలని బయల్దేరాను. తార్నాకనే ఎంచుకోవడానికి కారణం ఉంది. వయసు మీదపడిన చదువుకున్న కుటుంబాలు ఇంత దగ్గరదగ్గరగా, అదీ ఒక విశ్వవిద్యాలయం గోడ పక్కనే ఉన్న చోటు మన దగ్గర ఇంకొకటి వెంటనే తట్టదు.

ఈ పేట పెరిగిన తీరే అలాంటిది. 1944లో ప్రయోగశాలగా మొదలై ఇప్పుడు ఐఐసీటీగా ఉన్న రసాయన సంస్థ ఇక్కడిదే. 1918లో కూనూరులో బెరిబెరి వ్యాధి మీద పరిశోధనగా పుట్టి, 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చిన పోషకాహార సంస్థ ఎన్ఐఎన్ ఇక్కడే ఉంది. హబ్సిగూడ వైపు నడిస్తే భూభౌతిక పరిశోధనల ఎన్‌జీఆర్ఐ, దాన్ని దాటితే జీవకణ పరిశోధనల సీసీఎంబీ. వీటన్నిటికీ పెద్దదిక్కుగా ఉస్మానియా. ఈ సంస్థల్లో పనిచేసిన వాళ్లు చుట్టుపక్కల స్థలాలు కొనుక్కుని, అప్పులు చేసి ఇళ్లు కట్టుకున్నారు. పిల్లల్ని బాగా చదివించారు. ఆ చదువు పిల్లల్ని డాలస్‌కో, న్యూజెర్సీకో, సిడ్నీకో తీసుకెళ్లింది. ఇప్పుడు వీధుల్లో నడుస్తుంటే పాత ఇళ్ల గేట్ల మీద పేరు, పక్కన డిగ్రీలు, కింద ‘రిటైర్డ్’ అని రాసిన పలకలు కనిపిస్తాయి. లోపల ఒకరో ఇద్దరో ఉంటారు. మేడ మీద అద్దెకు ఇవ్వబడునని బోర్డు వేలాడుతుంది.

పొద్దున్నే క్యాంపస్‌కు వెళ్లాను. వెయ్యి ఎకరాలకు పైబడిన ఈ నేల చుట్టుపక్కల కాలనీలకు ఊపిరితిత్తి. తెల్లవారకముందే తార్నాక వైపు నుంచి నడకకు జనం వస్తారు. కాన్వాసు బూట్లు, మెడకు మఫ్లరు, చేతిలో కుక్కల కోసం ఓ కర్ర. ఆర్ట్స్ కాలేజీ ముందుకొచ్చేసరికి వాళ్ల నడక దానంతటదే నెమ్మదిస్తుంది. గులాబి రంగు గ్రానైట్ మీద ఎండ పడే వేళ ఆ కట్టడం ముందు ఎవరైనా ఆగుతారు. 1939 డిసెంబరులో దీన్ని ప్రారంభించారు. గీసింది బెల్జియం వాడు ఎర్నెస్ట్ జాస్పర్. కట్టడానికి ముందు నవాబ్ జైన్ యార్ జంగ్, సయ్యద్ అలీ రజా అనే ఇద్దరు వాస్తుశిల్పులను దేశదేశాల విశ్వవిద్యాలయాలు చూసి రమ్మని పంపారు. మంచిది ఎక్కడుందో వెతికి చూసి తెచ్చుకున్న చోటు ఇది. ఆ సంగతి నాకు ఈ ప్రయాణంలో పదే పదే గుర్తొచ్చింది.

మెట్ల దగ్గర ఒక పెద్దాయన కూర్చుని మోకాళ్లు రుద్దుకుంటున్నారు. 1969లో ఇక్కడే ఎమ్మే చదివారట. తెలంగాణ ఉద్యమం, లాఠీలు, మూతబడ్డ క్లాసులు చెప్పుకొచ్చారు. ‘‘ఈ మెట్ల మీద ఉరికినోణ్ణి సార్. ఇప్పుడు ఎక్కాల్నంటే పట్టుకునేటోడు కావాలె’’ అన్నారు. భార్య పోయి చాలా ఏళ్లయింది. కొడుకు అమెరికాలో. పనిమనిషి పొద్దున వచ్చి వండిపెట్టి పోతుంది. ‘‘రమ్మంటడు. పోయిన, ఉన్న. అక్కడ నా ముచ్చట ఎవరికి కావాలె? ఈడ పొద్దున వస్తే పదిమంది సలాం చేస్తరు.’’ మరి హోమ్‌లో చేరతారా అని అడిగితే కాసేపు మాట్లాడలేదు. ‘‘ఈ క్యాంపస్‌కు నడిచొచ్చేంత దగ్గర్ల ఉంటే చేరుత’’ అన్నారు.

ఆ మధ్యాహ్నం నేను చూసిన ఇల్లు నిజంగానే క్యాంపస్‌కు నడిచి వెళ్లేంత దగ్గర్లో ఉంది. ఒకప్పటి సొంతిల్లు. యజమాని పిల్లలు అద్దెకిస్తే నర్సుగా చాలాకాలం పనిచేసిన ఒకావిడ తీసుకుని నడుపుతున్నారు. పేరు రాయవద్దన్నారు, రాయను. లోపల ఇరవైమందికి పైగా ఉన్నారు. గడపలు తీసేసి నేల సమం చేశారు. గోడల వెంట నడుము ఎత్తున ఉక్కు కమ్మీలు బిగించారు. బాత్‌రూముల్లో జారని పలకలు, కమోడ్ పక్కన పట్టుకోవడానికి పిడులు, చెయ్యి అందే ఎత్తులో గంట. ఇవన్నీ డబ్బుంటే ఎవరైనా పెట్టించగలిగినవే. ఆవిడ వాటిని చూపించడానికి పెద్దగా ఉత్సాహపడలేదు. నేరుగా ఆఫీసు గదికి తీసుకెళ్లి ఒక లావాటి రిజిస్టరు నా ముందు పెట్టారు.

‘‘ఇది రాత్రి పుస్తకమండీ’’ అన్నారు. ‘‘పగలు ఎవరైనా నడుపుతారు. రాత్రి రెండింటికి ఎవరు మేలుకుని ఉన్నారన్నదే చూడాలి.’’

పేజీలు తిప్పాను. మంచం దిగలేని వాళ్లకు రెండు గంటలకోసారి పక్క మార్చిన టైములు, మార్చిన మనిషి సంతకం. లేకపోతే వీపున, మడమల దగ్గర పుండ్లు పడతాయి, పడ్డాయంటే మానడం కష్టం. ఎవరు ఎన్నిసార్లు లేచారు, ఎవరికి చెమట పట్టి షుగరు చూడాల్సి వచ్చింది, ఎవరు నిద్రలో పిల్లల పేర్లు పిలిచారు, అన్నీ ఉన్నాయి. రాసింది ఆయాలు. కొందరిది శ్రీకాకుళం, కొందరిది ఆదిలాబాద్, ఇద్దరు ఒడిశా పిల్లలు. చేతిరాత గజిబిజిగా ఉంది గానీ ఏ గంటా వదిలిపెట్టలేదు. ఆయాలు మూణ్నెల్లకోసారి మారిపోవడమే ఈ పనిలో అన్నిటికన్నా పెద్ద చిక్కని ఆవిడ చెప్పారు. ఒక ముసలమ్మకు ఏ చెవి వినపడదో, ఎవరికి టీలో బెల్లం కావాలో, ఎవరు మాత్రను నాలుక కింద దాచి తర్వాత ఉమ్మేస్తారో తెలియడానికి ఒక మనిషికి నెలలు పడుతుంది. తెలిసేలోపు ఆ మనిషి వెయ్యి రూపాయలు ఎక్కువిచ్చే చోటికి వెళ్లిపోతుంది. ఈ ఇంట్లో ఆయాలకు వారానికో రోజు సెలవు, పడుకోవడానికి విడి గది, పీఎఫ్ ఉన్నాయి. ‘‘ఆయాను బాగా చూడకుండా అమ్మగారిని బాగా చూడమంటే ఎలా చూస్తుందండీ’’ అన్న ఆవిడ మాట నేను చూసిన వాటన్నిటికన్నా నన్ను ఎక్కువ నమ్మించింది.

కొత్తగా ఎవరైనా చేరితే ముందు ఒక కాగితం నింపుతారు. స్నానం, బట్టలు, మరుగుదొడ్డి, మంచం నుంచి కుర్చీకి మారడం, మలమూత్రాలు ఆపుకోగలగడం, తినడం, ఈ ఆరు పనుల్లో ఎన్ని సొంతంగా చేసుకోగలరు? 1963లో సిడ్నీ కాట్జ్ అనే అమెరికా వైద్యుడూ ఆయన బృందమూ ప్రచురించిన పద్ధతి ఇది. ఇప్పటికీ ప్రపంచమంతా వాడుతోంది. కాగితాన్ని బట్టి తోడు ఎంత కావాలో, ఖర్చెంతో తేలుతుంది. ఆవిడ దీనికి తన సొంత ప్రశ్న ఒకటి చేర్చుకున్నారు: ‘ఏ పని కష్టమైనా సరే మీరే చేసుకోవాలనుకుంటున్నారు?’ ఒక రిటైర్డ్ శాస్త్రవేత్త గడ్డం తనే గీసుకుంటానని రాయించారట. చేతులు వణుకుతాయి, అరగంట పడుతుంది. ఎవరూ తొందరపెట్టరు.

ఇక్కడ నాకు కెరెన్ బ్రౌన్ విల్సన్ గుర్తొచ్చారు. ఆమెకు పంతొమ్మిదేళ్లప్పుడు తల్లికి పక్షవాతం వచ్చింది. తల్లి వయసు 55. ఏళ్ల తరబడి నర్సింగ్ హోముల్లో ఉన్న ఆ తల్లి కూతురిని అడిగింది చిన్న కోరిక. తనదైన చిన్న వంటగది, బాత్‌రూము, లోపల్నుంచి గడియ పెట్టుకోగల తలుపు. విల్సన్ 1983లో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో 112 గదులతో ‘పార్క్ ప్లేస్’ తెరిచారు. అసిస్టెడ్ లివింగ్ అనేది అక్కడే మొదలైందని చెబుతారు. అతుల్ గవాండే 2014లో వచ్చిన తన ‘బీయింగ్ మోర్టల్’ పుస్తకంలో ఈ కథ వివరంగా రాశారు. తార్నాక ఇంట్లో ప్రతి గదికీ లోపల గడియ ఉంది. ప్రమాదం వస్తే బయట్నుంచి తీసే తాళంచెవి డ్యూటీలో ఉన్న నర్సు దగ్గర ఉంటుంది. తలుపు తట్టి, లోపల్నుంచి మాట వినిపించాకే ఆయా అడుగు పెట్టడం నేను చూశాను. హాల్లో కెమెరా ఉంది, గదుల్లో లేదు. గదిలోనూ పెట్టమని విదేశాల్లో ఉన్న పిల్లలు తరచూ అడుగుతారట. కన్నతల్లి బట్టలు మార్చుకునే గదిలో కెమెరా వద్దని ఆవిడ ఓపిగ్గా చెబుతారు. ఆవిడ చెప్పిందే సరి అని నేనంటాను.

పొద్దున ఏడు నుంచి తొమ్మిది దాకా ఆ హాలంతా ఫోన్లే. అప్పటికి అమెరికాలో రాత్రి. చెవికి యంత్రం సర్దుకుంటూ, తెరకు మరీ దగ్గరగా ముఖం పెట్టి, ‘తిన్నావా నాన్నా’ అని అందరూ ఒకే ప్రశ్న అడుగుతుంటారు. పిల్లలు వదిలేశారని ఇక్కడ ఎవరూ ఏడవడం లేదు. తల్లిదండ్రులను ఇలాంటి చోట చేర్చిన పిల్లల మీద మన కథలూ సినిమాలూ ఎంతో కోపం చూపించాయి. ఆ కోపానికి అర్హులైన వాళ్లూ ఉంటారు. కానీ మంచాన పడ్డ అత్తగారిని పదేళ్లు ఒంటిచేత్తో ఎత్తి, నడుము పోగొట్టుకున్న కోడళ్లను నేను చూశాను. ఆ చాకిరీకి మన సమాజం పెట్టిన పేరు ధర్మం. అది చేసిన ఆడమనిషిని ఎవరూ ఏమీ అడగలేదు. బాగా నడిచే ఇంట్లో పెద్దవాళ్లను చేర్చడం అవమానం కాదని నా గట్టి నమ్మకం. చెడ్డగా నడిచే ఇల్లు మాత్రం నేరం.

మధ్యాహ్నం వాళ్లతోపాటే తిన్నాను. ఆకుకూర పప్పు, మెత్తగా వండిన అన్నం, గుడ్డు కూర, పెరుగు. పళ్లు లేనివాళ్లకు అదే భోజనం మెదిపి పెడతారు. చారన్నం, పెరుగన్నంతో సరిపెట్టేద్దామని పెద్దవాళ్లే అంటుంటారట. పక్క రోడ్డులోని ఎన్ఐఎన్ లెక్క ప్రకారం పెద్దవాళ్లకు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రోటీను కావాలి. 55 కిలోల మనిషికి 45 గ్రాముల పైమాటే. చారు మెతుకులతో అది నిండదు, కండ కరుగుతుంది, కాళ్లు తడబడతాయి, తుంటి విరుగుతుంది. అందుకే పప్పు తినకపోతే వంటావిడ పక్కన కూర్చుని బతిమాలుతుంది.

సాయంత్రం దీపాలు పెట్టే వేళకు ఇంటి తీరు మారిపోయింది. మతిమరుపు జబ్బు ఉన్నవాళ్లకు ఆ వేళ కష్టం. ఇంటికి వెళ్లాలంటారు, పోయిన వాళ్ల కోసం ఎదురు చూస్తారు. ఒకప్పుడు కాలేజీలో పాఠాలు చెప్పిన ఒకమ్మ ఇస్త్రీ చీర కట్టుకుని, చేసంచి పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డారు. ‘‘క్లాసుకు టైమైంది, గేటు తియ్యి’’ అంటున్నారు. తాళం వేసి లోపలికి లాక్కుపోయే ఇళ్లు ఉన్నాయి. ఇక్కడ ఒడిశా అమ్మాయి గేటు తీసి, ‘‘పదండి మేడమ్, నేనూ వస్తా’’ అని చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ క్యాంపస్ వైపు నడిచారు. నేనూ వెనకే వెళ్లాను. చెట్ల కింద కూర్చుని చదువుకుంటున్న పిల్లలను చూడగానే ఆ మేడమ్ ముఖం తేటపడింది. ఒకబ్బాయి దగ్గర ఆగి ఏం చదువుతున్నావని అడిగారు. ఆ అబ్బాయి లేచి నిలబడి, ‘‘గ్రూప్స్‌కు ప్రిపేర్ అవుతున్న మేడమ్’’ అన్నాడు. ఆవిడ చరిత్రలో రెండు ప్రశ్నలు వేశారు. ఒకదానికి జవాబు చెప్పాడు. రెండోదానికి ఆవిడే చెప్పారు, తడుముకోకుండా. తిరుగుదారిలో క్లాసు సంగతి ఎత్తలేదు.

ఆ అబ్బాయితో తర్వాత మాట్లాడాను. నల్గొండ దగ్గర పల్లె. మాణికేశ్వర్ నగర్‌లో స్నేహితులతో కలిసి అద్దె గది. ‘‘మా నాయనమ్మ ఊర్లనే ఒక్కతే ఉంటది సార్. ఆమె దగ్గర కూసున్నట్టే అనిపించింది’’ అన్నాడు. అద్దెకు, తిండికి ఇంటినుంచి వచ్చే డబ్బు చాలడం లేదు.

పెద్దవాళ్లకు తోడు కావాలి, విద్యార్థులకు చోటు కావాలి. ఈ రెండు అవసరాలూ ఒకదానికొకటి ఇంత దగ్గరగా ఉంటే వాటిని కలపాలని ఇంకెక్కడా ఎవరికీ తట్టలేదా? తట్టింది. నెదర్లాండ్స్‌లోని డెవెంటర్ పట్టణంలో ‘హ్యుమానితాస్’ అనే వృద్ధుల నివాసం విద్యార్థులకు అద్దె లేకుండా గదులు ఇస్తోంది. బదులుగా వాళ్లు నెలకు 30 గంటలు పక్కింటి మంచి మనిషిలా పెద్దవాళ్లతో గడపాలి. వైద్యం, సేవ వాళ్ల పని కాదు, అవి సిబ్బంది చూసుకుంటారు. కలిసి భోంచేయడం, టీవీ చూడటం, ఫోను వాడటం నేర్పడం, అంతే. అమెరికాలో బోస్టన్ దగ్గర లసెల్ విశ్వవిద్యాలయం తన ప్రాంగణంలోనే 2000లో ‘లసెల్ విలేజ్’ తెరిచింది. అక్కడి పెద్దవాళ్లు ఏడాదికి 450 గంటలు చదువులో, వ్యాయామంలో, అలాంటి కార్యక్రమాల్లో గడపాలన్నది ఒప్పందం. ఫ్రాన్స్‌లోని తులూజ్‌లో 1973లోనే రిటైరైన వాళ్ల కోసం విశ్వవిద్యాలయం తలుపు తీసింది. మన నేల మీదా ఈ ఆలోచనకు బీజం ఉంది. తిరుపతిలో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ఆచార్య పి.వి. రామమూర్తి వృద్ధాప్యం మీద పరిశోధనకు ప్రత్యేక కేంద్రాన్ని నిలబెట్టారు. పరిశోధన జరిగిన చోటు నుంచి రోజువారీ బతుకులోకి ఒక్క అడుగే మిగిలి ఉంది.

నేను చూసిన ఇల్లు పింఛను ఉన్నవాళ్లకు, విదేశాల నుంచి డబ్బు వచ్చేవాళ్లకు. తెలంగాణలో ఆసరా పింఛను 2019లో 2,016 రూపాయలకు పెరిగింది. నెలకు వచ్చే ఆ మొత్తం ఈ ఇంట్లో వారం ఖర్చుకు కూడా చాలదు. తల్లిదండ్రుల పోషణ కోసం 2007లో తెచ్చిన చట్టం ప్రతి జిల్లాలో నిరుపేద వృద్ధుల కోసం కనీసం 150 మంది పట్టే నివాసం ఉండవచ్చని చెప్పింది. ఉండి తీరాలని చెప్పలేదు. ఆస్తి రాయించుకుని చూడని పిల్లల నుంచి దాన్ని వెనక్కి తీసుకునే వీలు అదే చట్టంలో ఉంది. రిటైర్‌మెంట్ నివాసాలకు కేంద్ర గృహనిర్మాణ శాఖ 2019లో మార్గదర్శకాలు ఇచ్చింది, కానీ అవి నమూనాలు. రాష్ట్రం తనవి చేసుకుంటేనే వాటికి బలం. రాత్రి మేలుకునే మనిషి లేని ఇల్లు కూడా మంచి బోర్డు తగిలించుకోగలుగుతోందంటే ఇదీ ఒక కారణం.

కాబట్టి అమ్మానాన్నల కోసం ఇల్లు వెతికేవాళ్లకు నా మాట ఒకటే. వాళ్లను వెంటబెట్టుకుని వెళ్లండి, చీకటి పడ్డాక వెళ్లండి. రాత్రి డ్యూటీలో ఎంతమంది ఉంటారో, వాళ్లు ఎన్నాళ్లుగా పనిచేస్తున్నారో అడగండి. రాత్రి పుస్తకం చూపించమనండి. ఇబ్బందిలో ఉన్న పెద్దవాళ్లెవరైనా మీ వీధిలో కనిపిస్తే 14567కు ఫోను చేయండి. అది దేశమంతటా వృద్ధుల కోసం పనిచేసే నంబరు, ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకా పలుకుతుంది.

ఉస్మానియాకు నా విన్నపం వేరు. కట్టడం కోసం ఒకప్పుడు దేశాలు తిరిగి చూసిన విశ్వవిద్యాలయం అది. ఇప్పుడు డెవెంటర్‌ను, లసెల్‌ను చూసి రమ్మని ఇద్దరిని పంపలేదా? అంతదాకా ఆగక్కర్లేదు కూడా. సోషల్ వర్క్, సైకాలజీ విద్యార్థులకు తార్నాక ఇళ్లలో గడిపిన గంటలను చదువులో భాగంగా లెక్కించవచ్చు. వారానికో పూట లైబ్రరీలో ఒక గది పెద్దవాళ్లకు ఇవ్వవచ్చు. ఆ నిర్వాహకురాలు నన్ను సాగనంపుతూ అడిగింది డబ్బు కాదు. వారానికి రెండు గంటలు వచ్చి పేపరు చదివి వినిపించే పిల్లలు దొరికితే చాలన్నారు. ఉస్మానియాలో చదువుకుంటున్న వాళ్లెవరైనా ఇది చూస్తే, ఈ ఆదివారం తార్నాకలో మీకు దగ్గరున్న అలాంటి ఇంటికి వెళ్లి అడగండి, ఎవరికి చదివి వినిపించాలో వాళ్లే చెబుతారు.